ఫ్యాను ఆపితేనే పూస

రోహిణీకార్తెలో కూడా ఫ్యాను ఆపేసి కూర్చునేదాన్ని మా ఇంట్లో నేనొక్కదాన్నే. నెల్లూరు ఎండల సంగతి తెలిసినవాళ్ళకి కొత్తగా చెప్పక్కర్లేదు. మిట్టమధ్యాహ్నం మూలాపేట వీధిలో కుక్క కూడా కనపడదు. అలాంటి వేళ వెనక వసారాలో కిటికీ ఓరగా మూసి, ముందు మంట పెట్టుకుని కూర్చుంటే "నీకు పిచ్చి గానీ పట్టిందా" అని మావారు అడగడంలో తప్పేం లేదు. పొగ పోవడానికి పైన ఎగ్జాస్ట్ ఫ్యాను ఒకటి తిరుగుతుండేది, అంతే. సీలింగు ఫ్యాను గాలి తగిలిందంటే మంట అల్లాడుతుంది. పూస ఒక పక్క కరుగుతూ ఇంకో పక్క బిగుసుకుపోతుంది. కాసేపటికి టిక్కుమని సన్నటి చప్పుడు. అది వినపడిందంటే అరగంట పని నేలపాలే.

2008 నుంచి 2021 దాకా అదే నా పని. గాజు పూసలు చేశాను. మొన్న చిన్ననాటి స్నేహితురాలు ఫోన్ చేసి "ఏందమ్మే, నల్లపూసై పోయావు" అంటే ఫక్కున నవ్వాను. అన్ని రంగుల పూసలూ చేశాను గానీ నల్లపూసలు మాత్రం ఒక్కటీ చేయలేదు. ఆవగింజంత పూసని చేత్తో చేసి, బజార్లో వాళ్ళు అమ్మే ధరకి అమ్మాలంటే ఇల్లు గుల్లవుతుంది.

ఎక్కడ మొదలైందంటే పూసగుచ్చినట్టు చెప్పలేను. మా వీధికి తలమీద గంపతో ఒకామె వచ్చేది. అందరం పూసలామె అనేవాళ్ళం. దువ్వెనలు, పిన్నీసులు, సవరాలు, సూదులు, చిన్నపిల్లల చేతికి కట్టే దిష్టిపూసలు. డబ్బుల్లేకపోయినా పర్లేదు, గోడ సందులో దాచిన చిక్కు వెంట్రుకల ఉండ ఇస్తే చాలు, బదులుగా ఏదో ఒకటి చేతిలో పెట్టేది. ఆమె గంప దించగానే మా అవ్వ వచ్చి అరుగు మీద కూలబడేది. కొనేది తక్కువ, చూసేది ఎక్కువ. పూస రంగు చూసేది కాదు. కంటి దగ్గరికి తెచ్చుకుని చిల్లు చూసేది. ఆ తర్వాత చిల్లు అంచుని బొటనవేలి గోటితో గీరేది. "దారం కోస్తాది. ఇంకోటి తియ్యి" అనేది. పూసలామెకి అవ్వంటే చిరాకే గానీ, మంచి పూసలు వచ్చిన రోజు మాత్రం ముందు మా ఇంటికే వచ్చేది.

అవ్వ గోటికి ఆ నేర్పు మైకా పనిలో వచ్చింది. అవ్వది గూడూరు దగ్గరి పల్లె. గూడూరు, సైదాపురం, కలిచేడు ఈ పక్కంతా అభ్రకం గనులు కదా. అవ్వ దాన్ని కాకిబంగారం అనేది. గనిలోంచి వచ్చిన దిమ్మెల అంచుల్ని కొడవలితో చెక్కి, కత్తి మొనతో పొరలు పొరలుగా చీల్చడం ఆడవాళ్ళ పని. యుద్ధం రోజుల్లో పని తెగ ఉండేదంట. "యాడో తెల్లోళ్ళు కొట్టుకుంటుంటే మాకు కూలి పెరిగింది" అనేది. మన దగ్గరి మైకాలో లేత ఆకుపచ్చ ఛాయ ఉంటుంది. ఒక ముక్క అవ్వ ట్రంకు పెట్టెలో ఉండేది. అప్పుడప్పుడు నన్ను పిలిచి దాన్నుంచి ఒక పొర ఊడదీసి చూపించేది. ఉల్లిపొర దాని ముందు దుప్పటే. ఇటు నుంచి చూస్తే అటు నా వేలు కనపడేది. మా నాన్న ఇస్త్రీపెట్టె విప్పినప్పుడు లోపల తీగ చుట్టిన మైకా రేకు చూసి "ఇది నేను చీల్చిందే" అనేది అవ్వ. ఎవరూ కాదనేవాళ్ళం కాదు.

పగిలిన చేతిగాజుల ముక్కలతో గొలుసులు చేయడం ఆ రోజుల్లో ఆడపిల్లలందరికీ వచ్చు. ముక్కని రెండు చివర్లా పట్టుకుని మధ్యలో కొవ్వొత్తి మంట మీద పెడితే మెత్తబడి వంగుతుంది. రెండు మూతులూ కలిసేదాకా వంచి, కలిసేలోపు ఇంకో వంకీ అందులో దూర్చాలి. అలా మూరెడు గొలుసు చేసి గుమ్మానికి తోరణంలా కట్టేవాళ్ళం. వేళ్ళు కాలేవి. మసి అంటుకుని ఎర్రగాజు కూడా నల్లగా అయ్యేది, పావడాకి తుడిస్తే మళ్ళీ ఎర్రబడేది. ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే నేను నేర్చుకున్న పనంతా అందులోనే ఉంది. మిగతాదంతా మంట పెద్దది కావడమే.

తాత పోయినప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. 1984. పదో రోజు తెల్లవారుజామున పెద్దవాళ్ళు పెరట్లో బావి దగ్గర ఏదో చేశారు. పిల్లల్ని రానివ్వలేదు. తెల్లారాక వెళ్ళి చూస్తే బావి గట్టు పక్కన ఆకుపచ్చ గాజు ముక్కలు. మంచి పొడుగాటి ముక్కలు, వంగడానికి సరిగ్గా సరిపోయేవి. గౌను జేబులో వేసుకున్నాను. సాయంత్రం మెట్ల కింద కొవ్వొత్తి వెలిగించుకుని కూర్చున్నాను. ఆరో వంకీ దూరుస్తుండగా అమ్మ చూసింది. వీపు మీద ఒక్కటేసింది. అమ్మ నన్నెప్పుడూ కొట్టేది కాదు, అందుకే ఏడవడం కూడా మర్చిపోయాను. అవ్వ లోపల్నుంచి వచ్చింది. చేతులు బోసిగా ఉన్నాయి. "కొట్టబాక. పగిలినయ్యి పగిలినయ్యే. ఆడుకోనీ" అంది. నా పక్కన మెట్టు మీద కూర్చుంది. గొలుసు చేతిలోకి తీసుకుని ఒక్కో వంకీని గోటితో తడిమింది. "ఇదో, ఈ మూతులు కలవలా. లాగితే జారతాది" అంది. నేను మళ్ళీ కాల్చి కలిపాను. పూర్తయ్యాక ఆ గొలుసు ఏమైందో నాకు తెలీలేదు, అడగనూ లేదు.

పెళ్ళయి, పిల్లలు బడికి వెళ్ళేదాకా ఆ గొడవే లేదు. పూసలు కొని గుచ్చడం, చెవి జుంకీలు చేసి ఇరుగుపొరుగుకి ఇవ్వడం, అంతవరకే. మాగుంట లేఅవుట్‌లో ఒక మాస్టారు ఉండేవారు. కాలేజీ కెమిస్ట్రీ లాబ్‌లో పగిలిన ఫ్లాస్కులు, గొట్టాలు అతికే పని చేసి రిటైరయ్యారు. మావారికి దూరపు బంధువు. ఒక పెళ్ళిలో మాటల్లో ఆయన పని సంగతి తెలిసింది. మర్నాడే వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాను. ఆడవాళ్ళు ఈ పని నేర్పమని రావడం ఆయనకి వింతగా అనిపించినట్టుంది. "మంట దగ్గర పనమ్మా, చీర కట్టుకుని చేసేది కాదు" అన్నారు. నేను మా నాన్న పాత ఖాదీ చొక్కా తొడుక్కుని వెళ్ళాను. ఆయన ఇంకేం అనలేకపోయారు.

మొదటి నెలంతా లాబ్ గాజే. నీళ్ళలా తెల్లగా ఉంటుంది, కరగడానికి ప్రాణం తీస్తుంది. మాస్టారు పెద్దగా మాట్లాడేవారు కాదు. నేను కంగారుపడి గాజు కడ్డీని మంటలోకి తోస్తే మాత్రం "దెబ్బలాడబాకమ్మా దాంతో. అది చెప్పినట్టు నువ్వినాల" అనేవారు. కడ్డీని ముందు మంటకి దూరంగా వెచ్చబెట్టి, మెల్లగా దగ్గరికి తేవాలి. ఒక్కసారిగా పెడితే చిటపటలాడి ముక్కలు మీదకొస్తాయి. ఒక ముక్క నా చొక్కా కాలర్లో పడింది. ఆ మచ్చ ఇంకా ఉంది.

తర్వాత మా వసారాలో నా సొంత బల్ల. పిల్లల్ని బడికి పంపి, కూర పొయ్యి మీద నుంచి దించి, పదిన్నరకి కూర్చునేదాన్ని. ముందు కమ్మీల పని. పూస చుట్టేది వీటి మీదే, ఊడదీస్తే మిగిలేదే చిల్లు. సైకిలు పుల్లల్లాంటి స్టీలు కమ్మీలని తెల్లమట్టి పులుసులో ముంచి ఆరబెట్టాలి. ఈ మట్టి లేకపోతే గాజు కమ్మీని పట్టేసుకుంటుంది, ఇక ఊడదు. పులుసు దోసెపిండి కంటే కాస్త పల్చగా ఉండాలి. మరీ పల్చనైతే పట్టదు, చిక్కనైతే పొలుసులు లేస్తుంది. ముంచిన కమ్మీలని ఇసక పోసిన చెంబులో గుచ్చి నిలబెట్టేదాన్ని. ఆ ఇసక కోట నుంచి స్నేహితురాలి తమ్ముడు తెచ్చిచ్చాడు. కోట, చిల్లకూరు అప్పట్లో నెల్లూరు జిల్లాలోనే ఉండేవి. అక్కడి సిలికా ఇసక చూశారా? పంచదార అనుకుని నోట్లో వేసుకోవాలనిపిస్తుంది. గాజు ఫ్యాక్టరీల కోసం లారీల కొద్దీ ఎత్తుకుపోతారు. మా ఇసకే ఎక్కడికో పోయి గాజై, కడ్డీలై, పార్శిల్లో మళ్ళీ నా బల్ల మీదకొచ్చిందేమో ఎవరికి తెలుసు అనుకునేదాన్ని. దగ్గరే ఉంది కదా అని దాన్ని కరిగించే స్తోమత నాకెక్కడిది!

కడ్డీ చివర మంటలో తేనెలా వేలాడగానే కమ్మీకి తాకించి, కమ్మీని తిప్పాలి. ఇక అక్కడి నుంచి ఎడమచెయ్యి ఆగకూడదు. ఆగితే పూస కిందికి జారి బొజ్జ వస్తుంది. ఎంత అలవాటైపోయిందంటే బస్సులో టికెట్టు చేతికిస్తే దాన్ని చుట్టచుట్టి బొటనవేలితో తిప్పుతూ ఉండేదాన్ని. నిద్రలో కూడా వేళ్ళు ఆడేవని మావారు అంటారు. మామూలు గుండ్రటి పూసకి నాలుగైదు నిమిషాలు, పువ్వు వేస్తే ఇరవై. మంటలో సోడియం పసుప్పచ్చటి వెలుగు కళ్ళని కప్పేస్తుంది కాబట్టి దాన్ని ఆపే గులాబీ రంగు కళ్ళజోడు పెట్టుకోవాలి. దాంతో అలాగే వంటింట్లోకి వెళ్తే పప్పు రంగు కూడా వేరేగా కనపడేది.

పూస పూర్తయ్యాక చల్లార్చడమే అసలు విద్య. వెంటనే గాలికి పెడితే పైన బిగిసి, లోపల వేడిగా ఉండి, పగిలిపోతుంది. మొదట్లో నాకు బట్టీ లేదు. మాస్టారు ఏదో ఖనిజం పేరు చెప్పారు గానీ నేను రైస్ మిల్లు నుంచి ఊక బూడిద తెచ్చుకున్నాను. నెల్లూరులో దానికి కరువా! పొయ్యి మీద వేడిచేసిన బూడిద డబ్బాలో పూసని గుచ్చి, మూతపెట్టి, పాత దుప్పటి చుట్టి పడుకునేదాన్ని. చిన్న పూసలు బతికేవి. పెద్దవి సగం పోయేవి. తర్వాత చిన్న కరెంటు బట్టీ కొన్నాను. 510 డిగ్రీల దగ్గర కాసేపు ఉంచి, రాత్రంతా మెల్లగా దిగనివ్వాలి. 2012లో కరెంటు కోతలు గుర్తున్నాయా? ఇళ్ళకి గంటల కొద్దీ ఉండేది కాదు. బట్టీ వేశాక కరెంటు పోతే ఆ టెన్షన్ పిల్లల పదో తరగతి పరీక్షలప్పుడు కూడా పడలేదు.

మంటలో ఉన్నంతసేపూ అన్ని రంగులూ నారింజే. ఎరుపు అయితే నల్లగా, కాలిన బెల్లంలా ఉంటుంది. నిన్న ఏం చేశామో ఇవాళ పొద్దున మూత తీస్తే గానీ తెలీదు. పాలవాడు వచ్చేలోపే లేచి చూసేదాన్ని.

నా చేతకానితనం ఒకటి చెప్పాలి. గాజులన్నీ ఒకటి కాదు. వేడికి ఎంత సాగుతుంది, చల్లారితే ఎంత ముడుచుకుంటుంది అన్నదానికి ఒక సంఖ్య ఉంటుంది. ఇటలీ నుంచి వచ్చే రంగు కడ్డీలది 104. మాస్టారి లాబ్ గాజుది 33. ఆ రెండూ కలవవని మాస్టారు మొదటిరోజే చెప్పారు. మరి చేతిగాజుల గాజో? ఫిరోజాబాద్ గాజుల ముక్కలు బోలెడు ఉన్నాయి, రంగులు బాగున్నాయి, డబ్బు ఆదా అవుతుంది కదా అని ఇటలీ గాజు మీద వాటితో చుక్కలు పెట్టాను. చెన్నైలో ఒక షాపుకి అరవై పూసల ఆర్డరు. పొద్దున చూస్తే అన్నీ బాగున్నాయి. పార్శిల్ చేశాను. వారం తర్వాత వాళ్ళ దగ్గర్నుంచి ఫోను. ఒక్కో చుక్క చుట్టూ వెంట్రుకంత పగులు, కొన్ని రెండుగా ఊడిపోయాయంట. డబ్బు వెనక్కిచ్చాను. నా దగ్గర మిగిలిన ఆరు పూసలు రాత్రిళ్ళు హార్లిక్స్ సీసాలో టిక్కు, టిక్కు మనేవి. మావారు బల్లి అనుకున్నారు.

ఆ దిగులులో ఉన్నప్పుడే శ్రీకాళహస్తి వెళ్ళి వస్తూ ఏర్పేడు దగ్గరి పాపానాయుడుపేటలో ఆగాం. అక్కడ పూసలు నాలా ఒక్కొక్కటి చేయరు. కొలిమిలో కరిగిన గాజు ముద్దని లడ అనే పొడుగాటి ఇనప గొట్టానికి పట్టించి, దొర్లించి, మధ్యలో బోలు చేసి, మళ్ళీ కొలిమిలో పెడతారు. అవతల పక్క నుంచి ఒకాయన దాని కొసని కొక్కెంతో అందుకుని చేతులు మార్చుకుంటూ లాగుతూనే ఉంటాడు. సన్నటి గొట్టం, లోపల చిల్లుతో సహా, గంటల తరబడి వస్తూనే ఉంటుంది. దాన్ని ముక్కలుగా నరికి, బూడిదలో కలిపి వేడిచేస్తే అంచులు గుండ్రబడతాయి. బూడిద చిల్లులో దూరి అది మూసుకుపోకుండా చూస్తుంది. బూడిద మాట వినగానే మావారి వంక గర్వంగా చూశాను. ఆడవాళ్ళు సన్నటి తీగలు విసనకర్రలా పట్టుకుని పూసల కుప్పలో పోనిస్తే చాలు, బారుబారుగా ఎక్కేస్తున్నాయి. పుదుచ్చేరి దగ్గర అరికమేడులో రెండువేల ఏళ్ళ నాడు ఈ రకం పూసలే చేసి సముద్రాలు దాటించారు. పీటర్ ఫ్రాన్సిస్ అనే అమెరికా పరిశోధకుడు వీటికి ఇండో-పసిఫిక్ పూసలని పేరు పెట్టి, పాపానాయుడుపేట పద్ధతిని కూడా చూసి రాశాడు. ఇదంతా నేను తర్వాత చదువుకున్నది. ఆ రోజు మాత్రం నాకు తట్టింది ఒక్కటే. నేను ఇరవై నిమిషాలు చెమటోడ్చి ఒక పూస చేస్తుంటే, ఈయన ఒక్క ముద్దలోంచి బుట్టెడు తీస్తున్నాడు.

అమ్మడం గురించి పెద్దగా చెప్పేదేం లేదు. ఒకసారి నెల్లూరులోనే ఒక ఎగ్జిబిషన్‌లో బల్ల వేసుకున్నాను. పక్క బల్ల ఉదయగిరి చెక్క గరిటెల వాళ్ళది. ఫోర్కు పిడి మీద సీతాకోకచిలుక, చెంచా మీద ఆకు. నా దగ్గరికొచ్చినవాళ్ళు "చిన్నబజార్లో డజను పది రూపాయలు గదమ్మా" అనేవాళ్ళు. వాళ్ళ దగ్గరికెళ్ళి "ప్లాస్టిక్‌వి ఐదు రూపాయలే గదా" అనేవాళ్ళు. సాయంత్రానికి ఇద్దరం ఒకరి బేరాలు ఒకరు వింటూ నవ్వుకున్నాం. చివరికి నాలుగు పూసలిచ్చి ఒక గరిటె తెచ్చుకున్నాను. పులిహోర కలపడానికి ఇప్పటికీ అదే. రొట్టెల పండక్కి స్వర్ణాల చెరువులో వ్యాపారం రొట్టె కూడా పట్టుకున్నాను. మరుసటేడు రొట్టె తిరిగి వదలడానికి వెళ్ళాను కాబట్టి ఏదో కాస్త కలిసొచ్చిందనే లెక్క.

2021 ఏప్రిల్. మంట బాగా వేడెక్కాలంటే గ్యాసుతో పాటు ఆక్సిజన్ కావాలి. నా దగ్గర ఒక పెద్ద సిలిండరు ఉండేది, నింపే షాపుదే, అద్దెకి. కరోనా రెండోసారి ముంచుకొచ్చి, పరిశ్రమలకి ఆక్సిజన్ ఇవ్వొద్దని కేంద్రం చెప్పింది. నాది పరిశ్రమ ఏంటి, వసారా! షాపతను ఫోన్ చేసి "అమ్మా, మీ దగ్గరున్న సిలిండరు..." అని ఆగాడు. గంటలో ఆటో వచ్చింది. సగం పైన నిండే ఉంది. దాన్ని దొర్లించుకుంటూ తీసుకెళ్తుంటే వీధిలో ఎవరూ లేరు. ఆ మరుసటి నెలే కృష్ణపట్నంలో కరోనా మందు కోసం జనం బారులు తీరారు. అంతా సర్దుకున్నాక షాపతను మళ్ళీ ఇస్తానన్నాడు. నేనే తెప్పించుకోలేదు. చూపు మందగించింది, మాస్టారు కూడా అప్పటికి లేరు. ఒకసారి ఫ్యాను వేసుకోవడం అలవాటైతే మళ్ళీ ఆపబుద్ధి కాదు.

అవ్వ సంగతి ఒకటి మధ్యలో దాటేశాను. 2010లో అవ్వ తన ట్రంకు పెట్టె నాకిచ్చేసింది. మైకా ముక్క కింద, పసుపుగుడ్డలో మూటకట్టి, ఆ పచ్చగాజుల గొలుసు. నేను చేసిన మూరెడులో జానెడు మిగిలింది. మొదటి వంకీ తీసి ఇటలీ తెల్లగాజు మీద చుట్టాను. చెన్నై దెబ్బ తిన్నదాన్నే, అయినా బుద్ధి రాలేదు. అది మూడోరోజు పగిలింది. అప్పుడు వేరే గాజేదీ కలపకుండా, నాలుగు వంకీలు ఒకదాని తర్వాత ఒకటి కరిగించి, అచ్చంగా ఆ గాజుతోనే ఒక పూస చేశాను. రేగుపండంత. అదే గాజు కదా, దానితో అది గొడవపడలేదు. పొద్దున మూత తీస్తే నిండు పచ్చగా ఉంది.

ఏ గాజో చెప్పకుండా అవ్వ చేతిలో పెట్టాను. అప్పటికి అవ్వకి చూపు సరిగా ఆనదు. వెలుతురు వైపు తిరిగి పూసని చాలాసేపు పట్టుకుంది. వేళ్ళ మధ్య తిప్పింది. చిల్లు దగ్గర గోరు ఆగింది.

"గరుగ్గా ఉండాది. దారం కోస్తాది."

తడిపి, ఆకురాయితో మళ్ళీ అరగదీసి తెచ్చాను. ఈసారి రెండు పక్కలా చూసి, నడుముకున్న తాళాల గుత్తి తీసి, దానికి కట్టమంది. అవ్వ పోయాక ఆ గుత్తి నా దగ్గరికొచ్చింది. అందులో ఇప్పుడు తాళం పడే తలుపు ఒక్కటే ఉంది. దారం మూడుసార్లు మార్చాను, అది మాసిపోయి. తెగి మాత్రం కాదు.